గడ్డి నాదే, మట్టి ఎవరిది?

మిత్రులారా, పోయిన రెండు భాగాల్లో హాస్టళ్ల గురించి, స్కాలర్‌షిప్ బకాయిల గురించి రాశాను. ఈసారి మట్టి గురించి రాస్తున్నాను. "మేడమ్‌కి తోటపని పిచ్చి పట్టింది" అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. చివరిదాకా మాత్రం చదవండి. ఎందుకంటే దీంట్లో మా అమ్మ మూడేళ్ల కష్టం ఉంది, ఒక స్టూడెంట్ నన్ను నిలదీసిన మాట ఉంది. ఆ రెంటికీ సమాధానం వెతుక్కుంటూ రాస్తున్న పోస్టు ఇది.

ముందు ఆ స్టూడెంట్ మాట చెప్తాను.

మా కాలేజీ వెనక ఓ ఖాళీ స్థలం ఉంది. కంపచెట్లు, విరిగిన బెంచీలు, పాడుబడ్డ నీళ్లతొట్టి. కాలేజీ నిండా బాదం చెట్లు, నిద్రగన్నేర్లు, వేపలు. రోజూ పొద్దున్నే ఊడ్చే అమ్మ ఆ ఆకులన్నీ కుప్పచేసి అంటించేది. ఆ పొగలో దగ్గుతూనే వరండాలన్నీ ఊడ్చేది. ఆమె కాంట్రాక్టు మనిషి. ఏ వాడ నుంచి వస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆకులు కాల్చకుండా మళ్లల్లో కప్పితే ఆమెకి పొగ తప్పుతుంది, హాస్టల్ వంటకి నాలుగు ఆకుకూరలు వస్తాయి అనుకున్నాను. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలతో నాలుగు మళ్లు తవ్వించాను.

రెండోవారం సెకండియర్ బీఏ అబ్బాయి ఒకడు తట్ట కింద పెట్టి, "మేడమ్, మా అమ్మ ఉపాధి హామీ పనిలో మట్టి మోస్తది. నేను మొయ్యకూడదనే నన్ను ఇక్కడికి పంపింది. మీరు మళ్లీ నా నెత్తిన తట్ట పెడతన్నారు" అన్నాడు.

నేను నోరు తెరిచి ఏదో శ్రమ గౌరవం గురించి చెప్పబోయి ఆగిపోయాను. చుట్టూ చూశాను. పార పట్టుకున్నవాళ్లు, తట్ట ఎత్తినవాళ్లు దాదాపు అందరూ హాస్టల్ పిల్లలే. ఫోటోలు తీస్తున్నవాళ్లు, హాజరు రాస్తున్నవాళ్లు, నీడన నిలబడి సలహాలిస్తున్నవాళ్లు వేరే. ఈ విభజన నేను చెయ్యలేదు. కానీ నా కళ్ల ముందే జరిగింది, రెండు వారాలు నాకు కనపడలేదు. దళిత సాహిత్యం మీద పీహెచ్‌డీ చేసిన దాన్ని, నాకే కనపడలేదు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. అమ్మ నవ్వి, "వాడు చెప్పింది నిజమేలే అమ్మాయ్. మట్టి మంచిదే. మొయ్యమన్నోడే మంచోడు కాదు" అంది.

ఈ పోస్టుకి ఆ మాట చాలు. కానీ నేను లెక్చరర్ని కదా, విడమర్చి చెప్పకుండా ఉండలేను.

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు. మాకు సొంత పొలం లేదు. అమ్మ చిన్నప్పటి నుంచి ఊరి పెద్ద రైతుల పొలాల్లో కూలికి పోయింది. ఎండాకాలం వాళ్ల దిబ్బల్లోంచి పెంట తట్టలకెత్తి పొలానికి మోసింది. నాట్లకు ముందు కానుగ మండలు, జిల్లేడు, వేపాకు కొట్టుకొచ్చి మోకాలు లోతు బురదలో కాళ్లతో తొక్కింది. ఏ ఆకు ఎన్నాళ్లకు కుళ్లుతుందో, ఏ పెంట మాగిందో ఏది మాగలేదో వాసన చూసి చెప్తుంది. ఈ చదువంతా ఆమెకి వచ్చింది వేరేవాళ్ల పొలాన్ని బాగుచేస్తూ. తనదని చెప్పుకునే నేల మీద ఒక్కసారన్నా ఆ చదువు వాడి చూసుకోవాలని ఆమె కోరిక.

నాకు ఉద్యోగం వచ్చాక ఒకెకరం గరప నేల కౌలుకి పట్టాం. ఎకరానికి 12 వేలు, బోరు ఉంది, నోటిమాట ఒప్పందం. ఆ నేల ఎట్లా ఉండేదంటే గడ్డపార వేస్తే ఖంగుమనేది. వాన పడితే పైన చెక్కు కట్టేది, నీళ్లు లోపలికి దిగకుండా ఎర్రగా పారిపోయేవి. ఏళ్ల తరబడి ఒకే పంట వేసి, బస్తాల కొద్దీ ఎరువు చల్లి, పంట అయిపోగానే మోళ్లు తగలబెట్టి, వేసవంతా బోడిగా వదిలేసిన నేల అది.

మొదటి ఏడాది జూన్‌లో వాన పడగానే అమ్మ జనుము చల్లింది. "కౌలు కట్టి ఎవరన్నా జనుము వేసుకుంటారా? తినేదా, అమ్మేదా?" అని ఊళ్లో నవ్వారు. 45 రోజులకి పూత మొదలవుతుండగా కోసి అక్కడే పరిచింది. దాని మధ్యలో గుంటలు తీసి వంగ, బెండ పెట్టింది. వానకి తడిసి బూజు పట్టిన వరిగడ్డి, గొడ్లు ముట్టనిది, చవగ్గా కొనుక్కొచ్చి మొక్కల మధ్య కప్పింది. శనగ పొట్టు తెచ్చి పోసింది. రెండో ఏడాది అలసంద, ఉలవ, పిల్లిపెసర కలిపి వేసింది. మూడో ఏడాది తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి పెట్టింది. రెండుసార్లు గొర్రెల మంద కట్టించింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు పనిచేస్తుందో చెప్తాను. సైన్సు పిల్లలు తప్పులుంటే దిద్దండి.

మన వేసవిలో బోడి నేల పైపొర 50 డిగ్రీలు దాటి కాలుతుంది. ఆ వేడికి నేలలో బతికే సూక్ష్మజీవులు, వానపాములు చావన్నా చస్తాయి, లోపలికన్నా పోతాయి. తర్వాత తొలకరి చినుకు బోడి నేల మీద సూటిగా పడితే మట్టి గడ్డలు పగిలి, సన్నని రేణువులు రంధ్రాల్లో కూరుకుపోతాయి. అదే చెక్కు కట్టడం. దాని మీద పడ్డ వాన కొట్టుకుపోతూ పైమట్టిని కూడా తీసుకుపోతుంది. ఒక అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది, పోవడానికి కొన్ని వానలు చాలు. పైన గడ్డో, ఆకో, పొట్టో ఒక పొర ఉంటే ఎండ దెబ్బ, వాన దెబ్బ రెండూ ఆ పొర తింటుంది. తడి ఆగుతుంది, కలుపు తగ్గుతుంది. కింద చీకట్లో, చెమ్మలో వానపాములు పనిచేస్తాయి.

చనిపోయిన గడ్డి చేసే పని ఇది. పచ్చిరొట్ట పైరు చేసేది ఇంకో పని. జనుము, జీలుగ, అలసంద, పిల్లిపెసర లాంటి వాటి వేళ్లకి చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకి పనికొచ్చేలా మారుస్తుంది. ఒక మొక్క పీకి బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే జరగనట్టు. ఈ పరీక్షకి ల్యాబు అక్కర్లేదు, గోరు చాలు. ఇక ఆ వేళ్లు లోపలికి దిగి కుళ్లినప్పుడు గాలి, నీళ్లు పోయే సందులు మిగుల్తాయి. తేలిక నేలకి జనుము బాగుంటుంది. నీళ్లు నిలిచే మాగాణికి, చౌడు నేలకి జీలుగ నయం, ఎకరానికి 10–12 కిలోల విత్తనం సరిపోతుంది. ఏదైనా పూత దశలోనే కొయ్యాలి, లేదా కలియదున్నాలి. ముదిరితే కాండం పీచు కట్టి త్వరగా కుళ్లదు, గింజ రాలితే తర్వాత అదే కలుపవుతుంది.

ఒక జాగ్రత్త ఉంది. వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని పచ్చిగా మట్టిలో కలియదున్నితే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకి కావలసిన నత్రజనిని నేల నుంచే లాక్కుంటాయి. పైరు పసుపు రంగుకి తిరుగుతుంది. పైన పరిస్తే ఆ ఇబ్బంది చాలా తక్కువ. అందుకే గడ్డి పైన కప్పాలి, లేత పచ్చిరొట్టనైతే లోపల కలిపినా ఫర్వాలేదు.

మూడో ఏడాది చివరికి మా ఎకరం ఎట్లా మారిందంటే, గడ్డి పక్కకి తీసి చేత్తో తవ్వితే మణికట్టు దాకా దిగేది. తవ్విన చోటల్లా వానపాములు. రోజు మార్చి రోజు నీళ్లు పెట్టే మళ్లకి నాలుగైదు రోజులకోసారి పెడితే సరిపోయేది. అదనపు ఎరువు బస్తా ఖర్చు పోయింది. అమ్మ బిడ్డ తలలో చెయ్యి పెట్టినట్టు ఆ మట్టిలో చెయ్యి పెట్టేది.

అప్పుడొచ్చాడు ఆసామి. పేరు రాయను, ఊరు రాయను, ఇట్లాంటి ఆసామి మీ ఊళ్లోనూ ఉంటాడు. గట్టు మీద నిలబడి చూశాడు. దిగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. "నేల బాగా ఒళ్లు చేసిందే" అన్నాడు. తర్వాతి ఏడాదికి ఎకరానికి 20 వేలు అన్నాడు. బతిమాలితే, ఇచ్చేవాళ్లు ఉన్నారన్నాడు. నిజంగానే ఉన్నారు. ఆ నేలని చూసి వచ్చారు. మేం వదిలేశాం.

నాకు కోపంతో నిద్ర పట్టలేదు. అమ్మ మాత్రం చాలా రోజులు ఏమీ అనలేదు. ఒకరోజు అన్నం తింటూ, "గడ్డి నాదే గదా, ఎత్తుకుపోదామనుకున్నా. చూస్తే అప్పటికే మట్టయిపోయింది" అంది.

మిత్రులారా, నేల గురించి నేను చదివిన పుస్తకాలన్నీ కలిపినా నాకు ఇంత అర్థం కాలేదు. గడ్డి ఉన్నంతసేపు అది కష్టపడ్డవాడిది. మట్టి అయిన క్షణం నుంచి పాసుపుస్తకం ఉన్నవాడిది. కౌలురైతు వేసే ఎరువు, కప్పే ఆకు, కట్టించే గొర్రెల మంద, మూడేళ్లు ఓపిక పట్టిన పంట అన్నీ ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మారేటప్పుడే యజమాని కూడా మారిపోతున్నాడు. ఏ కాగితం మీదా సంతకం లేకుండానే.

నేలను బాగుచెయ్యడం నెమ్మది పని. మన వేడి దేశంలో నేలకిచ్చిన చెత్తలో ఎక్కువ భాగం ఏడాది తిరక్కుండానే కుళ్లి గాలిలో కలిసిపోతుంది. నేలలో నిలిచేది కొద్దిగా. అందుకే ఏటా ఇస్తూ పోవాలి. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ అని రాస్తారు. ఆ గీత దాటించడానికి ఏళ్లు పడుతుంది. మరి చట్టం కౌలుదారుకి ఎన్నేళ్లు ఇస్తోంది?

ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం 1956 నాటిది. కౌలుకి కనీసం 6 ఏళ్ల గడువు ఉండాలంది అది. ఊళ్లో ఎవరినైనా అడగండి, ఆ మాట విన్నవాళ్లే ఉండరు. నోటిమాట కౌలుకి ఏ గడువూ లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. అందులో ఒప్పందం 11 నెలలకి. దానికీ ఆసామి సంతకం పెట్టాలి. ఎక్కువమంది పెట్టరు, పెడితే పొలం పోతుందని భయం. తెలంగాణలో 2018లో రైతుబంధు వచ్చింది. ఎకరాల లెక్కన డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది, కౌలుదారుకి రూపాయి లేదు. ఆరేళ్ల నుంచి 11 నెలలకి వచ్చాం. నేల ఆరోగ్యం మీద మాత్రం ఉపన్యాసాలు పెరిగాయి.

ఎవరి చేతిలో భూమి ఉందో చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం. సాగు కమతాల విస్తీర్ణంలో మన వాటా పదో వంతు కూడా లేదు. ఉన్నదాంట్లోనూ చాలా భాగం అసైన్డ్ భూములు. గుట్ట వాలులో, చౌడులో, ఊరవతల ఎవరూ అడగని చోట ఇచ్చినవి. ఎవరికైతే నేలను మొదటి నుంచి తయారుచేసుకోవాల్సిన అవసరం ఎక్కువో, వాళ్లకే దాని మీద నిలకడ తక్కువ.

ఇక్కడ మీకు ఒక మనిషిని గుర్తు చెయ్యాలి. జార్జ్ వాషింగ్టన్ కార్వర్. అమెరికాలో బానిస కుటుంబంలో పుట్టాడు. 1896లో టస్కెగీలో నల్లజాతి విద్యార్థుల సంస్థకి వ్యవసాయ ఆచార్యుడిగా వెళ్లాడు. అలబామాలో తరాల తరబడి పత్తి వేసి వేసి నేల చచ్చిపోయి ఉంది. 1905లో నీరసించిన నేలల్ని ఎట్లా బాగుచేసుకోవాలో ఒక చిన్న బులెటిన్ రాశాడు. అడవిలో రాలిన ఆకులు, చిత్తడి బురద పొలానికి తెచ్చుకోమన్నాడు. అలసంద వెయ్యమన్నాడు. అవును, మా అమ్మ రెండో ఏడాది వేసిన అలసందే. ఆఫ్రికా నుంచి బానిసలతో పాటు సముద్రం దాటిన పంట అది. 1906 నుంచి ఒక బండి మీద పనిముట్లు పెట్టుకుని ఊరూరా తిప్పి చదువు రాని నల్ల రైతులకి చూపించారు.

పాఠం గొప్పది. అయితే ఆ రైతుల్లో చాలామంది పాలుకి చేసేవాళ్లు. భూమి తెల్లవాడిది. వాడికి పత్తి కావాలి, అప్పు తీరాలి. వచ్చే ఏడు ఈ పొలంలో ఉంటానో లేదో తెలియనివాడు అలసంద వేసి నేలకి ఎట్లా తినిపిస్తాడు? కార్వర్ చెప్పిన సైన్సులో తప్పు లేదు. దాన్ని వాడుకునే హక్కు విన్నవాళ్లకి లేకపోయింది. 1962లో మిసిసిపీలో ఫ్యానీ లూ హేమర్ ఓటరుగా నమోదు చేసుకోబోయినందుకు తాను పనిచేసే తోట నుంచి గెంటేశారు. ఆమె 1969లో 40 ఎకరాలతో ఫ్రీడమ్ ఫామ్ మొదలుపెట్టింది. కూరగాయలు పండించి పేదవాళ్లకి పంచింది. ఓటుకీ కూరగాయల మడికీ సంబంధం ఏంటని అడిగేవాళ్లకి ఆమె జీవితమే జవాబు.

ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడుస్తోంది. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. వేసవిలో నేల బోడిగా ఉండకూడదని, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లాలని ఊరూరా చెప్పింది ఆ కార్యక్రమమే. మహిళా సంఘాల్లో మనవాళ్లు చాలామంది దాంట్లో పనిచేస్తున్నారు. అమ్మ మూడో ఏడాది నవధాన్యాలు చల్లింది కూడా అట్లా విన్నాకే.

కానీ నాకు మూడు పేచీలున్నాయి.

మొదటిది భాష. తెలుగు టీచర్ని కదా, ఊరుకోలేను. గడ్డి కప్పడాన్ని "ఆచ్ఛాదన" అన్నారు. ఎరువు నీళ్లని "జీవామృతం" అన్నారు. మా అమ్మ "చెత్త కప్పడం" అంటుంది. "పెంట" అంటుంది. పొలానికి ప్రాణం పోసే పదార్థానికి తెలుగులో ఉన్న అసలు మాట పెంట. ఊళ్లో దాన్ని ఎత్తినవాళ్లు ఎవరో తెలుసు కాబట్టి అది తిట్టయింది. "పెంట చేశావు" అంటాం. "చెత్త" అని తిడతాం. మా అమ్మ చేస్తే పెంట, శిక్షణ శిబిరంలో చెప్తే అమృతం. సంస్కృతం పేరు పెట్టి ఆ పనికి గౌరవం తెచ్చామనుకుంటున్నారు. అసలు ఆ గౌరవం నిజమైతే పెంట అనే మాటకే రావాలి.

రెండోది ఆవు. దేశీ ఆవు పేడ, దేశీ ఆవు మూత్రం అని పట్టుబడతారు. మన వాడల్లో ఉండేవి గేదెలు, మేకలు. చాలా ఇళ్లల్లో అవీ లేవు. మేక ఎరువులో, గొర్రె ఎరువులో నత్రజని ఆవు పేడలో కన్నా ఎక్కువే. మంద కట్టించడం మన రైతులకి కొత్తేమీ కాదు. నేలకి కావలసింది కుళ్లే పదార్థం, దాన్ని కుళ్లబెట్టే జీవులు. వాటికి కులం లేదు. పశువుకి మాత్రం ఎందుకు పెడుతున్నారు?

మూడోది, అన్నింటికన్నా పెద్దది, కాగితం. పచ్చిరొట్ట విత్తనం సబ్సిడీ మీద ఇచ్చే చోటికి అమ్మ వెళ్తే పాసుపుస్తకం అడిగారు. లేదంటే ఆసామిని తీసుకురమ్మన్నారు. ఆసామి రాలేదు. అమ్మ బజారులో పూర్తి రేటుకి జనుము కొనుక్కుంది. బాగుపడేది ఆసామి నేల, సబ్సిడీ ఉండేది ఆసామి పేరు మీద, డబ్బు పెట్టింది మాత్రం మేము.

మన ఉద్యమ మిత్రుల్లో కొందరు దీనికి ఇంకోవైపు నుంచి కొట్టిపారేస్తారు. "ఆర్గానిక్ గొడవ మిద్దెతోటల వాళ్లది, మన పిల్లలకి ఇంగ్లిష్, కంప్యూటర్ కావాలి" అంటారు. పల్లెని గొప్పచేసి చూపేవాళ్లని 1948లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఎట్లా నిలదీశారో నాకూ తెలుసు. మన పిల్లల్ని తిరిగి తట్టల దగ్గరికి పొమ్మని నేను చెప్పను. అయితే అదే అంబేడ్కర్ 1947లో "స్టేట్స్ అండ్ మైనారిటీస్" రాశారు. వ్యవసాయ భూమి రాజ్యం చేతిలో ఉండాలని, కులభేదం లేకుండా ఊరివాళ్లకి ఇచ్చి సమష్టిగా సాగుచేయించాలని అందులో ప్రతిపాదించారు. పల్లెని నమ్మని మనిషే భూమి ప్రశ్నని వదల్లేదు. మనం ఎందుకు వదలాలి? మా అమ్మకున్న నేల చదువుని "వెనకబాటుతనం" అని మనమే పారేస్తే, దాన్ని ప్యాకెట్లో పెట్టి మనకే అమ్మేవాళ్లు రెడీగా ఉన్నారు.

మన ముందు ఒక దారి ఉంది కూడా. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాని సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. ఎందుకూ పనికిరావన్న తేలిక నేలల్లో పప్పులు, చిరుధాన్యాలు, నూనెగింజలు కలిపి పండించారు. విత్తనాలు తమ చేతిలోనే ఉంచుకున్నారు. ఒక్కొక్కరుగా కాకుండా సంఘంగా కలిసి భూములు కౌలుకి పట్టారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. బహుమతి సంగతి అటుంచండి. ఒంటరి ఆడమనిషిని 12 వేల నుంచి 20 వేలకి నెట్టిన ఆసామి, ఇరవైమంది సంఘంతో అట్లా మాట్లాడటం కష్టం. నేను నేర్చుకున్నది అదే.

అందుకే నా డిమాండ్లు నాలుగు. చర్చించండి, తిట్టండి, మెరుగుపరచండి.

ఒకటి, రాతపూర్వక కౌలు కనీసం 6 ఏళ్లకి ఉండాలి. దళిత మహిళా సంఘాలు కలిసి పట్టే కౌలుకి ప్రభుత్వం హామీగా నిలబడాలి.

రెండు, కౌలుదారు నేలలో పెట్టినదానికి పరిహారం ఇవ్వాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఇంగ్లండులో 1883 నాటి చట్టమే, పొలం వదిలిపోయే కౌలుదారు వేసిన ఎరువుల్లో ఇంకా మిగిలి ఉన్న విలువకి భూయజమాని డబ్బు కట్టాలంది. మనకి 2015 నుంచి భూసార కార్డులున్నాయి. కౌలు మొదట్లో ఒక పరీక్ష, చివర్లో ఒక పరీక్ష. పెరిగిన సారానికి లెక్కగట్టలేమా?

మూడు, విత్తనం, సబ్సిడీ, శిక్షణ అన్నీ సాగుచేసే మనిషి పేరు మీద రావాలి. పాసుపుస్తకం అడగడం ఆపాలి.

నాలుగు, పంపిణీ. తెలంగాణలో 2014 ఆగస్టు 15న దళితులకి మూడెకరాల పథకం మొదలైంది. మీ ఊళ్లో ఎంతమందికి అందిందో మీరే లెక్కపెట్టండి. ఇచ్చే నేల ఎట్లాంటిదో, దాన్ని నిలబెట్టుకోవడానికి మొదటి మూడేళ్లు ఏం సాయం చేశారో కూడా అడగండి.

ఇక కాలేజీ తోట సంగతి. ఆ అబ్బాయి మాట తర్వాత పని ఆపేసి అందరం కూర్చున్నాం. ఎవరు ఏం పని చేశారో బోర్డు మీద రాశాం. రాశాక ఎవరూ మాట్లాడలేదు. కొత్త పద్ధతి పెట్టుకున్నాం. వంతులవారీగా అందరూ తట్ట ఎత్తాలి, నాతో సహా. ఫోటోలకీ, హాజరుకీ వంతులే. కాసినదంతా హాస్టల్ వంటకే, తూకం వేసి పుస్తకంలో రాయాలి. ఇద్దరు ముగ్గురు మానేశారు. ఆ అబ్బాయి నెల రోజులు రాలేదు. నేను పిలవలేదు. రాకపోవడం అతని హక్కు. తర్వాత ఒకరోజు తనే వచ్చాడు, తట్ట కోసం కాదు. "మేడమ్, కౌలు చట్టం కాపీ ఉందా, మా ఊళ్లో చదివి వినిపిస్తా" అన్నాడు. ఇచ్చాను.

మీ హాస్టల్లో, ఇంటి వెనక ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి. ఎండుటాకులు, గడ్డి మూడు నాలుగు అంగుళాల మందాన కప్పండి. మొక్క మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి, లేకపోతే కాండం కుళ్లుతుంది. ముందు మడి తడిపి తర్వాత కప్పండి, ఎండిన నేల మీద కప్పితే చిన్న జల్లుల తడి లోపలికి దిగదు. చెదలు కనబడితే కంగారుపడకండి, అవి ముందు చచ్చిన గడ్డినే తింటాయి. మొక్కని పట్టేలా ఉంటే అక్కడ పొర పల్చన చేసి వేపపిండి చల్లండి. గడ్డి కింద తేళ్లు, పాములు చేరతాయి. కర్రతో కదిలించి తర్వాతే చెయ్యి పెట్టండి. ఆ చెయ్యి ఎప్పుడూ ఒక్కరిదే కాకుండా చూసుకోండి. మడి ఖాళీ అయితే అలసందో, జనుమో చల్లండి. వేసవిలో నేలని బోడిగా వదలకండి. ఆకులు కాల్చకండి.

మా ఊడ్చే అమ్మ ఇప్పుడు ఆకులు అంటించడం లేదు. గోతాల్లో నింపి మళ్ల దగ్గర పెడుతుంది. పోయినవారం గోంగూర కోసి ఇస్తే, "నా ఆకులే కదా మేడమ్, కూరాకయ్యి వచ్చినయ్" అంది. ఆమె ఆకులు ఆమె ఇంటికే వెళ్లాయి. మా అమ్మ గడ్డికి అది జరగలేదు.

అమ్మ మళ్లీ నేల వెతుకుతోంది. ఈసారి ఒక్కతే కాదు, వాడలో ఇంకో ఏడుగురు ఆడవాళ్లతో కలిసి. కాగితం రాసుకోవాలని, ఆరేళ్లు అని, అందరూ వేలిముద్రలు, సంతకాలు పెట్టాలని పట్టుదల. ఇంకా ఏ ఆసామీ ఒప్పుకోలేదు. ఒప్పుకునేదాకా అడుగుతూనే ఉంటాం అంటోంది. జనుము విత్తనాలు మాత్రం డబ్బాలో పోసి అటక మీద పెట్టింది.

జై భీమ్.